గుత్తా? కొలువా?

కొలువు పక్షం: యాభై అరవై ఏళ్లు నిలవాలని ఒక అపార్టుమెంటు కడతాం. దాన్ని కట్టే జట్టు అరవై రోజులు కలిసి ఉంటే ఎక్కువ. పునాది తవ్వినవాళ్లు స్లాబు చూడరు, సెంట్రింగ్ కొట్టినవాళ్లు ప్లాస్టరింగ్ చూడరు. రాడ్ బెండింగ్ జట్టు తన టన్నుల లెక్క తేల్చుకుని ఇంకో సైటుకు వెళ్లిపోతుంది. అంకితభావం గల జట్లు కావాలని కోరుకుంటూనే, అంకితభావం పుట్టడానికి కావలసిన వ్యవధిని పని పద్ధతిలోనే తీసేశాం. క్యూరింగ్ సంగతే చూడండి. మామూలు సిమెంటుతో వేసిన కాంక్రీటును కనీసం 7 రోజులు, ఇప్పుడు బజార్లో ఎక్కువగా దొరికే పీపీసీ లాంటి మిశ్రమ సిమెంటుతో వేసినదాన్ని కనీసం 10 రోజులు తడిగా ఉంచాలని కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. స్లాబు జట్టుకు చదరపు అడుగు లెక్కన డబ్బు ముడుతుంది, స్లాబు పోసిన మర్నాడే ఆ జట్టు పని అయిపోతుంది. ఆ పది రోజుల నీళ్లు ఎవరి గుత్తలోనూ లేవు. కాబట్టి వాచ్‌మన్‌కు గుర్తున్నప్పుడు పడతాయి, లేనప్పుడు పడవు. కాంక్రీటుకు బలం వచ్చే రోజుల్లోనే దాన్ని పట్టించుకునే మనిషి సైటు మీద ఉండడు. ఇందులో మేస్త్రీ బాధ్యతారాహిత్యం ఏమీ లేదు, తనకు కొలిచి ఇచ్చిన పనిని అతను చేసి వెళ్లాడు. కొలతకు అందని పనిని కూడా తన పనే అనుకునే మనిషి కావాలంటే అతన్ని కొలువులో పెట్టుకోవాలి. నెల జీతం, పీఎఫ్, ఈ సైటు అయ్యాక ఇంకో సైటు ఉంటుందన్న నమ్మకం ఇవ్వాలి. నా వాదానికి మూలం ఇంతే.

గుత్త పక్షం: క్యూరింగ్ గురించి మీరన్నది నిజం. అయితే ఆ తప్పు ఎస్టిమేటు రాసినవాడిది, గుత్త పద్ధతిది కాదు. పది రోజుల నీళ్లను ఒక పనిగా రాసి, దానికో రేటు పెట్టి, తడి చూసి డబ్బిస్తే ఆ పనీ జరుగుతుంది. నిర్మాణం ఫ్యాక్టరీ లాంటిది కాదు. ఫ్యాక్టరీలో మనిషి ఒకచోట ఉంటాడు, వస్తువు అతని ముందుకు కదిలి వస్తుంది. ఇక్కడ వస్తువు కదలదు, మనుషులే దాని చుట్టూ వచ్చి పోవాలి. తవ్వకానికి రెండు వారాలు కొందరు కావాలి, సెంట్రింగుకు మూడు నెలలు ఇంకొందరు, టైల్సుకు ఆఖరి రెండు నెలలు వేరే చేయి తిరిగినవాళ్లు. వీళ్లందరినీ ఏడాది పొడవునా జీతాల మీద ఉంచితే టైల్సు మేస్త్రీ పునాదుల కాలంలో ఏం చేస్తాడు? ఇంకో మాట. జట్టు లేదంటున్నారు గానీ, ఈ దేశంలో నిర్మాణ రంగానికి ఉన్నంత గట్టి జట్లు మరే రంగానికీ లేవు. పాలమూరు కూలీల గుంపులనే చూడండి. ఒకే ఊరివాళ్లు, తరచు ఒకే బంధువర్గం, భార్యాభర్తలు కలిసి, గుంపు మేస్త్రీ వెంట దేశంలో ఎక్కడ ఆనకట్ట కడితే అక్కడికి వెళ్లారు. కాలువలు తవ్వారు, రాయి మోశారు. ఎవరు ఏ బరువు ఎత్తగలరో, ఎవరి పక్కన ఎవరు నిలబడితే పని సాగుతుందో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కంపెనీలు శిక్షణ శిబిరాలు పెట్టి తేవాలనుకునే ఒద్దిక వాళ్లకు ఊళ్లోనే అబ్బింది. ఆ గుంపును విడదీసి, ఒక్కొక్కరికీ ఒక్కో టోకెన్ నంబరు ఇచ్చి, పైన సూపర్‌వైజర్‌ను పెడితే జట్టు తయారవదు, ఉన్న జట్టు చెదిరిపోతుంది.

కొలువు పక్షం: పాలమూరు చేతుల నేర్పును, ఆ గుంపుల ఐకమత్యాన్ని నేను తక్కువ చేయను. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. యంత్రాల కంటే మనుషుల చేతులనే ఎక్కువగా నమ్ముకుని, రాతి కట్టడంగా దాన్ని అంత ఎత్తుకు లేపారు. అక్కడి పని ఏళ్ల తరబడి సాగింది గనుక పేరుకు తాత్కాలికమైన జట్లు కూడా నిజానికి స్థిరమైన జట్లయ్యాయి. అది నా వాదానికే బలం. ఇక గుంపును కట్టి ఉంచిన తాడు ఏమిటో కూడా చూడాలి. బంధుత్వం ఒక పేట అయితే, అడ్వాన్సు ఇంకో పేట. ఊళ్లో కరువు కాలంలో మేస్త్రీ చేతిలో పెట్టిన డబ్బు తీరేదాకా కుటుంబం కదలడానికి వీల్లేదు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం రావడానికి ఇలాంటి ముడులే కారణం. 1982 ఆసియా క్రీడల కోసం ఢిల్లీలో జరిగిన నిర్మాణాల మీద అదే ఏడాది సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గుర్తు చేసుకోండి. కూలీకి రావలసిన రోజుకూలి 9 రూపాయల 25 పైసలు. ఆ డబ్బు జమాదారు చేతి మీదుగా వెళ్లేది, అతను ఒక రూపాయి కమీషన్ పట్టుకుని 8 రూపాయల పావలా ఇచ్చేవాడు. కనీస వేతనం కంటే తక్కువకు చేయించే పని నిర్బంధ శ్రమే అవుతుందని కోర్టు తేల్చింది. అప్పు కట్టి పడేసినవాడు కూడా రోజూ పనిలోకి వస్తాడు. బయటి నుంచి చూస్తే అదీ అంకితభావంలాగే కనిపిస్తుంది. పైగా గుంపు విధేయత మేస్త్రీకే గానీ కట్టడానికి కాదు. పక్క సైటువాడు అడుగుకు ఇంకాస్త ఎక్కువ ఇస్తానంటే మేస్త్రీ ఆ రాత్రే కదులుతాడు. అతనితో పాటు గుంపూ, ఆ కట్టడంలో ఏ పైపు ఎక్కడుందో తెలిసిన జ్ఞానమూ వెళ్లిపోతాయి.

గుత్త పక్షం: అప్పు సంగతిలో మీతో వాదించను. మనిషిని కట్టిపడేసే అడ్వాన్సుకు సమర్థన లేదు. కానీ దాన్ని తీసేసి ఆ స్థానంలో ఏం పెడతారు? సాగు దెబ్బతిన్న ఏడాది, పిల్ల పెళ్లి కుదిరిన నెల, ఆసుపత్రి ఖర్చు వచ్చిన రోజు కూలీకి అప్పిచ్చేవాడు మేస్త్రీ ఒక్కడే. బ్యాంకు తలుపు అతనికి తెరుచుకోదు. మేస్త్రీని తప్పిస్తే కూలీ చేరేది కొలువులోకి కాదు, అడ్డాకు. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని కూడలిలో నిలబడి, ఎవరు పిలుస్తారో తెలియని చోటుకు చేరతాడు. అక్కడ అప్పు ఉండదు, జట్టూ ఉండదు. ఇక కొలువు దగ్గరికి వద్దాం. మన ప్రభుత్వ శాఖలు ఈ ప్రయోగం చేసి చూశాయి. ఇరిగేషన్, రోడ్లు భవనాల శాఖల్లో పని ఖాతాలోంచి జీతం తీసుకునే వర్క్ చార్జ్‌డ్ సిబ్బంది, మస్టరు రోలు మీద రోజుకూలికి చేసే ఎన్ఎంఆర్‌లు ఏళ్ల తరబడి కొనసాగారు. ప్రాజెక్టు అయిపోయింది, మనుషులు మిగిలారు. చేయడానికి పని లేదు, తీసేయడానికి మనసూ లేదు, చట్టమూ ఒప్పుకోలేదు. చివరకు 1994లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అలాంటి నియామకాలను అదుపు చేయడానికి చట్టమే తేవలసి వచ్చింది. స్థిరత్వం ఉన్నచోట అంకితభావం దానంతట అదే మొలుస్తుందన్న నమ్మకాన్ని ఈ అనుభవం బలపరచదు. పని లేని కొలువులో మొదట చేతి నేర్పు పోతుంది, తర్వాత ఉత్సాహం పోతుంది.

కొలువు పక్షం: శాఖల్లో జరిగింది స్థిరత్వం తెచ్చిన నష్టం కాదు. మనుషులను స్థిరం చేశారు గానీ పనిని స్థిరం చేయలేదు. రెండూ కలిసి సాగిన చోటు ఒకటి ఉంది. కేరళలో వడకర దగ్గర ఊరాలుంగల్ కార్మికుల సహకార సంఘం 1925లో మొదలైంది. సంఘ సంస్కర్త వాగ్భటానందుడి ప్రభావంతో, పని దొరకని కూలీలు కలిసి తామే కాంట్రాక్టు పట్టుకోవాలని పెట్టుకున్న సంఘం అది. వందేళ్లు దాటింది. చిన్న చిన్న రోడ్డు పనులతో మొదలై, ఇవాళ పెద్ద వంతెనలు, రహదారులు కట్టే స్థాయికి వచ్చింది. కార్మికులే సభ్యులు, సభ్యులే పాలకవర్గాన్ని ఎన్నుకుంటారు. పని చెడితే నష్టం తమదే, మిగిలితే లాభం తమదే. ఒక పని తగ్గితే మనుషులను ఇంకో పనికి మారుస్తారు గానీ ఇంటికి పంపరు. జట్టును ఎలా ఉత్సాహపరచాలన్న ప్రశ్న అక్కడ అంతగా పుట్టదు, ఎందుకంటే సైటులో దుబారా అయిన ప్రతి సిమెంటు బస్తా పోసేవాడి సొంత బస్తానే. నిర్మాణ రంగం స్వభావమే తాత్కాలికం అన్నారు మీరు. మారదనుకున్న ఆ స్వభావాన్ని కూలీలే వందేళ్ల పాటు మార్చి చూపారు.

గుత్త పక్షం: ఆ సంఘాన్ని నేనూ గౌరవిస్తాను. వందేళ్లు ఊరికే ఎవరూ నిలవరు. కానీ అది నిలిచిన నేలను కూడా చూడాలి. కార్మికుల సహకార సంఘాలకు అక్కడి ప్రభుత్వం పనుల కేటాయింపులో వెసులుబాటు ఇచ్చింది. దానితో పని తర్వాత పని అందింది. ఆ వరుస ఉంటే ఎవరైనా మనుషులను నిలుపుకోగలరు. పని పెరిగాక అక్కడ కూడా సభ్యులు కాని కార్మికులు, వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు చేరక తప్పలేదు. అంటే పని పరిమాణం కొలువు పరిధిని దాటిందన్నమాట. ఇక నా అసలు అభ్యంతరం. జట్టు సరిగా పనిచేయకపోవడానికి కారణం కూలీ మనసులో ఉందని మనం ముందే అనుకుంటున్నాం. గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హావెల్ అనే ఇద్దరు పరిశోధకులు 1990లలో ఈ విషయాన్ని సైట్ల మీదే కొలిచి చూశారు. వారం మొదట్లో ఈ పనులు చేస్తామని రాసుకున్న జాబితాలో వారాంతానికి పూర్తయ్యేవి సుమారు సగమే. మిగతా సగం ఎందుకు ఆగిందని వెతికితే బద్ధకం కనిపించలేదు. సామాను రాలేదు, డ్రాయింగ్ అందలేదు, ముందు జట్టు తన పని ముగించలేదు. అందుకు వాళ్లు చెప్పిన మందు కూడా మామూలుదే. పనిని పైనుంచి రుద్దవద్దు, ఆ పని చేయించే మేస్త్రీనే అడగాలి. అన్నీ సిద్ధంగా ఉన్న పనికే అతను మాట ఇవ్వాలి, వారం చివర ఎన్ని మాటలు నిలిచాయో లెక్క చూసుకోవాలి. ఇందులో కొలువు ప్రస్తావనే లేదు. ఢిల్లీ మెట్రో మొదటి దశ గడువు కంటే ముందే పూర్తయింది. దాన్ని కట్టింది కాంట్రాక్టర్లే. శ్రీధరన్ నాయకత్వంలో మెట్రో సంస్థ తన సిబ్బందిని తక్కువగా ఉంచుకుంది. గడువుకు ఇంకా ఎన్ని రోజులున్నాయో వెనక్కి లెక్కపెట్టే గడియారాలు కళ్ల ముందు పెట్టుకుంది, నిర్ణయాలను వాయిదా వేయకుండా తీసుకుంది. రాడ్ సమయానికి వచ్చి, బిల్లు సమయానికి పాసైతే గుత్త జట్టు కొలువు జట్టుకు ఏమీ తీసిపోదు.

కొలువు పక్షం: ప్రణాళిక లోపాన్ని కూలీ నెత్తిన రుద్దకూడదన్న మాట నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. నా మొదటి మాటలో ఆ సంగతి చెప్పకపోవడం లోపమే. కానీ మీరు తెచ్చిన మందులోనే నా వాదం ఉంది. మేస్త్రీ మాట ఇవ్వాలంటే, ముందు అతనికి 'ఈ వారం కాదు' అనగలిగే ధైర్యం ఉండాలి. లేదనలేనివాడు ఇచ్చే మాటకు విలువ లేదు. రేపు పని ఉంటుందో లేదో తెలియని మనిషి, బిల్లు ఎదుటివాడి సంతకం కోసం ఆగి ఉన్న మనిషి అలా అనగలడా? సెంట్రింగ్ విప్పే రోజు సంగతే తీసుకోండి. నాలుగున్నర మీటర్ల లోపు స్లాబు కింది పోట్లను 7 రోజుల దాకా, అంతకు మించితే 14 రోజుల దాకా, ఆరు మీటర్లు దాటిన బీము కింద 21 రోజుల దాకా ఉంచాలని ఐఎస్ 456 చెబుతుంది. ఆ పోట్లు పై అంతస్తుకు కావాలి, అద్దె రోజురోజుకూ పెరుగుతోంది, కాంట్రాక్టరు తొందరపెడుతున్నాడు. అప్పుడు 'ఇంకా నాలుగు రోజులు ఆగాలి' అని ఎవరు అంటారు? అనగలిగినవాడే ఆ సైటులో అంకితభావం ఉన్నవాడు. అలా అన్నందుకు పని పోదన్న భరోసా ఉన్నచోటే అలాంటివాడు తయారవుతాడు. బ్రిటన్‌లో 1994లో మైఖేల్ లాథమ్ ఇచ్చిన నివేదికకు పేరే 'జట్టును నిర్మించడం'. యజమాని, డిజైనరు, కాంట్రాక్టరు ఒకరినొకరు శత్రువుల్లా చూసుకోవడం వల్లే పరిశ్రమ నష్టపోతోందని ఆయన తేల్చారు. ఆ ఆలోచనను హీత్రో విమానాశ్రయం ఐదో టెర్మినల్ కట్టేటప్పుడు ఆచరణలో పెట్టారు. నష్టభయాన్ని కాంట్రాక్టర్ల మీదికి నెట్టకుండా యజమానే మోశాడు. దాంతో తప్పు జరిగితే ఎవరిదని కొట్లాడుకోవడం మాని, ఎలా సరిదిద్దాలని కూర్చోగలిగారు. 430 కోట్ల పౌండ్ల ఆ పని గడువులోనూ, బడ్జెట్‌లోనూ పూర్తయింది. నష్టభయం తొలగేదాకా నిజం బయటికి రాదు, నిజం రానిచోట జట్టు లేదు.

గుత్త పక్షం: ఐదో టెర్మినల్ కథను చివరిదాకా చెప్పాలి. 2008 మార్చి 27న తెరిచిన రోజే అక్కడ సామాన్ల వ్యవస్థ చతికిలబడింది, విమానాలు రద్దయ్యాయి. కట్టిన జట్టు ఎంత బాగా కలిసినా, నడపవలసిన జట్టుకు తగినంత సాధన లేకపోయింది. ఒక జట్టు లోపల ఐక్యత ఎంతున్నా పక్క జట్టుతో అతుకు సరిగా లేకపోతే సున్నా. నిర్మాణం అంటేనే వంద అతుకులు. అందుకే నేను మనుషుల కొలువు కంటే అతుకుల గురించే ఎక్కువ ఆందోళన పడతాను. ఇంకా ముఖ్యం, ఆ యజమాని నష్టభయాన్ని మోయగలిగాడు. హైదరాబాదు శివార్లలో ఐదంతస్తులు కట్టే చిన్న బిల్డరు ఎలా మోస్తాడు? కొన్నవాళ్ల వాయిదాలతో అతని పని నడుస్తుంది. వాయిదా ఆగితే పని ఆగుతుంది. ప్రభుత్వ పనుల్లోనూ తక్కువ కోట్ చేసినవాడికే టెండరు. మనుషులను జీతాల మీద పెట్టుకుని, పీఎఫ్ కట్టి, వాన రోజుకు కూడా కూలి ఇచ్చే కాంట్రాక్టరు ఆ ఖర్చంతా రేటులో వేసుకుంటే టెండరు పోతుంది, వేసుకోకపోతే ఇల్లు పోతుంది. బిల్లులు నెలల తరబడి ఆగినప్పుడు అతను కూడా అప్పులోనే ఉంటాడు. కాంట్రాక్టరును దుర్మార్గుడిగా చూపి తృప్తి పడితే ఈ లెక్క మారదు. మంచివాడు కూడా ఈ పద్ధతిలో మంచిగా ఉండలేడు.

కొలువు పక్షం: కాంట్రాక్టరు మంచివాడా చెడ్డవాడా అన్నది నా ప్రశ్న కాదు. మీ మాటలతో మనిద్దరం అసలు ముడి దగ్గరికి వచ్చాం. నిర్మాణంలో ఖాళీ రోజు తప్పదు. వాన రోజు, సిమెంటు రాని రోజు, బిల్లు పాసవని రోజు, ఒక సైటు ముగిసి ఇంకోటి మొదలయ్యే మధ్య రోజు. దాని ఖర్చు ఎవరిది? యజమాని దాన్ని బిల్డరు మీదికి, బిల్డరు కాంట్రాక్టరు మీదికి, కాంట్రాక్టరు మేస్త్రీ మీదికి, మేస్త్రీ కూలీ మీదికి దింపుతారు. మోయడానికి ఏమీ లేనివాడి నెత్తిన అది ఆగుతుంది. గుత్త పద్ధతి చవక అంటాం గానీ, ఆ చవకంతా కూలీ ఆకలితో కట్టిన చెల్లింపే. 2020 మార్చిలో దేశం మూతపడినప్పుడు ఇది కంటికి కనిపించింది. రోజుల లెక్కన బతికేవాళ్లకు ఒక్కసారిగా అన్నీ ఖాళీ రోజులయ్యాయి. మే 1న లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1200 మందితో మొదటి శ్రామిక్ రైలు కదిలింది. హైదరాబాదు గోడలు లేపిన చేతులు అలా వెళ్లిపోయాయి. తర్వాత సైట్లు తెరిస్తే పనివాళ్లు లేరు. వాళ్లను రప్పించడానికి కంపెనీలు రైలు టిక్కెట్లు, కొన్నిచోట్ల విమానం టిక్కెట్లు కూడా కొనవలసి వచ్చింది. ఆ రెండు నెలలూ తిండి, కూలి ఇచ్చి నిలుపుకుని ఉంటే అంత ఖర్చయ్యేది కాదేమో. జట్టు విలువ, అది లేనప్పుడు గానీ ఎవరి ఖాతా పుస్తకంలోకీ ఎక్కలేదు.

గుత్త పక్షం: 2020ని తెచ్చాక ఆ లెక్కకు నా దగ్గర ఎదురు లెక్క లేదు. ఖాళీ రోజు కూలీ మీద పడటం అన్యాయమని ఒప్పుకుంటాను. కానీ దానికి జవాబు కొలువు ఒక్కటేనా అన్నచోట ఆగుతాను. కూలీ వైపు నుంచి ఒకసారి చూడండి. వలస వచ్చినవాడికి ఊళ్లో ఎకరమో అరెకరమో ఉంటుంది. నాట్లకు వెళ్లాలి, కోతకు వెళ్లాలి, దసరాకో సంక్రాంతికో ఛఠ్ పండక్కో ఇంటికి చేరాలి. సెలవు లెక్కపెట్టే పన్నెండు నెలల కొలువు ఆ బతుకుకు సరిపోదు. పైగా నేర్పున్న మేస్త్రీకి గుత్తలో వచ్చేది జీతంలో రాదు. పొద్దుపోయేదాకా చేసి రెండు రోజుల పని ఒకరోజులో తీసి, మూడో రోజు తనకు నచ్చినట్టు ఉండే స్వేచ్ఛ అతనికి ఇష్టం. ఒక మేస్త్రీ మోసం చేస్తే ఇంకో మేస్త్రీ దగ్గరికి వెళ్లిపోగలగడం కూలీ చేతిలో ఉన్న ఒకే ఒక్క బలం. అతన్ని ఒక కంపెనీకి కట్టేస్తే ఆ బలం కూడా పోతుంది. కాబట్టి రక్షణను కొలువుకు ముడివేయవద్దు, మనిషికి ముడివేయండి. దానికి దారి ముందే ఉంది. 1996 చట్టాల కింద నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు వసూలవుతూ వచ్చింది, ఇప్పుడు ఆ ఏర్పాటు కొత్త కార్మిక కోడ్‌లలో కలిసింది. ఆ నిధి కార్మికుడిది. వాన రోజుకు, ఖాళీ నెలకు అందులోంచి ఇస్తే, గుత్త నడుస్తుంది, ఆకలీ ఉండదు.

కొలువు పక్షం: స్వేచ్ఛగా వెళ్లిపోవడం వేరు, వెళ్లగొట్టబడటం వేరు. కోతలకు ఊరెళ్లి తిరిగొస్తే చోటు ఉంటుందని తెలిసినవాడిది స్వేచ్ఛ. తిరిగొచ్చేసరికి ఇంకొకడు ఉంటాడని భయపడేవాడిది కాదు. సెస్సు విషయంలో మీ ఆలోచన మంచిదే, నేను కలుస్తాను. అయితే ఆ నిధి దగ్గరికి చేరాలంటే కార్మికుడు అంతకు ముందు ఏడాదిలో 90 రోజులు నిర్మాణంలో పనిచేశానని రుజువు చూపాలి. నాలుగు సైట్లలో నలుగురు మేస్త్రీల కింద, ఎక్కడా పేరు రాయించుకోకుండా చేసినవాడికి ఆ రుజువు ఎవరిస్తారు? రక్షణ మనిషి వెంట నడవాలన్నా, ఎక్కడో ఒక పుస్తకంలో అతని పేరు ఉండాలి. ఆ పేరు రాయడమే కొలువుకు మొదటి మెట్టు. ఇంకో నష్టం కూడా ఉంది. హైదరాబాదులో 1998లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ పెట్టి తాపీ పని, రాడ్ బెండింగ్, ప్లంబింగ్ నేర్పుతున్నారు. ప్రభుత్వం ఆ బాధ్యత తీసుకోవలసి రావడానికి కారణం, చాలామంది కాంట్రాక్టర్లు తమ డబ్బుతో నేర్పకపోవడమే. నేర్పితే నేర్చినవాడు పక్క సైటుకు వెళ్తాడు. ఎక్కువమంది అలాగే అనుకోవడంతో తరం మారేసరికి రసమట్టం పట్టి గోడ చూడగలిగే చేతులు తగ్గుతున్నాయి. అందుకే నా కోరికను కొంత తగ్గించుకుంటాను. ప్రతి కూలీకీ కొలువు అనను. ప్రతి పనిలోనూ నేర్పుకు వెన్నెముక లాంటివాళ్లు కొందరుంటారు. సెంట్రింగ్ పెద్ద, బార్ బెండింగ్ పెద్ద, భద్రత చూసేవాడు, క్యూరింగ్ చూసేవాడు. వాళ్లనైనా సైటు సైటుకూ మార్చకుండా నిలుపుకోండి. వచ్చిపోయే గుంపులు వాళ్ల చుట్టూ అతుక్కుంటాయి. మీరు భయపడిన అతుకులు చూసేది వాళ్లే.

గుత్త పక్షం: ఆ వెన్నెముకను ఒప్పుకుంటాను. బుద్ధి ఉన్న కాంట్రాక్టర్లు ఇప్పటికే ఇద్దరు ముగ్గురు పెద్దమేస్త్రీలను పని లేనప్పుడు కూడా వదులుకోరు. పేరు రాయాలన్న మాట కూడా సబబే. గుత్త జట్టయినా ప్రతి మనిషి పేరూ సైటు పుస్తకంలో ఉండాలి, కూలి మేస్త్రీ చేతి మీదుగా కాక కూలీ ఖాతాలోకే పోవాలి. 1982లో పోయిన ఆ ఒక్క రూపాయి ఇంకా ఎక్కడైనా పోతుంటే అది పద్ధతికే మచ్చ. ఇంతవరకు మీ వైపు వచ్చాను. ఇక్కడి నుంచి మాత్రం రాలేను. వెన్నెముక చుట్టూ ఉండే నూరుమందికి గుత్తే సరిపోతుందని ఇప్పటికీ నమ్ముతున్నాను. వాళ్లకు కావలసింది సమయానికి సామాను, సమయానికి డబ్బు, నిద్రపోవడానికి రేకుల గది కంటే మెరుగైన చోటు, నిలబెట్టుకోగల మాట.

కొలువు పక్షం: ఆ నూరుమంది దగ్గరే నేనూ ఆగిపోయాను. వెన్నెముకకు నిలకడ ఇచ్చి మిగతా ఒంటిని రోజు లెక్కన అద్దెకు తీసుకుంటే ఆ ఒళ్లు ఎన్నాళ్లు నిలబడుతుంది? పోటు కింద నిలబడేది ఆ నూరుమందే, పడితే వాళ్ల మీదే పడుతుంది. 'ఆగండి' అనే హక్కు పెద్దమేస్త్రీకి ఉండి, గంప మోసే మనిషికి లేకపోతే నేను అడిగిన జట్టు అది కాదు. సమయానికి సామాను, సమయానికి డబ్బు అన్నారు. అవి రాని రోజు ఏమవుతుందో మాత్రం ఇంకా చెప్పలేదు.

గుత్త పక్షం: చెబుతాను. ఆ రోజును దాచకుండా కాగితం మీద పెడదాం. టెండరులో సిమెంటుకు ఒక వరుస ఉంది, ఇనుముకు ఒక వరుస ఉంది, ఇసుకకు ఉంది. ఖాళీ రోజు కూలికి కూడా ఒక వరుస రాయమందాం. టెండరు వేసే ప్రతివాడూ అదే మొత్తం చూపాలి, దాన్ని తగ్గించి పని గెలవడానికి వీలుండకూడదు. అప్పుడు మంచి కాంట్రాక్టరు మంచితనం వల్ల ఓడిపోడు, కూలీ వానకు వెరవడు, ఖర్చు కట్టించుకునేవాడి దాకా పైకి పోతుంది. ఆ వరుస రాయించడానికి నేను మీతో కలిసి వస్తాను. అందులో ఎన్ని రోజులు వేయాలో, ఎవరి పేరున వేయాలో అన్నచోట మన వాదం మళ్లీ మొదలవుతుంది. నేను పని ఆగిన రోజులకే అంటాను, మీరు ఏడాదికంతటికీ అంటారు.